మన రోడ్డును డ్రైవింగ్ సిమ్యులేటర్‌లోకి తేవడం: కొలత నుంచి మోడల్ దాకా

"మా ఊరి రోడ్డు ఫోటోలన్నీ తీశాం, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేశాం, చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. కానీ నడిపితే మా రోడ్డులా లేదు. ఎందుకు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే: ఎత్తులు కొలవలేదు.

బోర్డులు, చెట్లు, ఇళ్లు కంటికోసం. స్టీరింగ్‌కు, సస్పెన్షన్‌కు తెలిసేది తారు పైమట్టం మాత్రమే. అందుకే ఈ మార్గదర్శిలో సగం పైగా ఎత్తుల గురించే ఉంటుంది. ఖరీదైన లేజర్ స్కానర్ లేకుండా, విజయవాడలో అద్దెకు దొరికే సామానుతో ముగ్గురు చేయగలిగే పద్ధతి ఇది.

## 1. ఏ రోడ్డుతో మొదలుపెట్టాలి

మొదటిసారే కనకదుర్గ ఫ్లైఓవర్ మీదికో, బెంజి సర్కిల్ మీదికో వెళ్లకండి. పైన ఒక రోడ్డు, కింద ఒక రోడ్డు, రాత్రీ పగలూ ట్రాఫిక్. అక్కడ టేపు పట్టుకుని నిలబడడమే ప్రమాదం.

నేను కొత్తవాళ్లకు చెప్పేది కరకట్ట. యనమలకుదురు దాటి పెదపులిపాక వైపు వెళ్తుంటే కుడివైపు కృష్ణ, ఎడమవైపు పల్లంలో పొలాలు. సిగ్నళ్లు లేవు, పెద్ద కూడళ్లు లేవు. కట్ట వంపులు తిరుగుతూ పోతుంది కాబట్టి నడపడానికి బాగుంటుంది. అందులో ఒకే ఒక్క కిలోమీటరు తీసుకోండి. ఐదు కిలోమీటర్లు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

రోడ్డు పనులు జరుగుతున్న ముక్క అయితే వద్దు. సగం కొలిచాక మీద కొత్త తారు పడితే ముందు కొలిచినదంతా వృథా.

## 2. సామాను, మనుషులు, అనుమతి

సర్వే రోజు బయల్దేరేముందు ఇవి సంచిలో ఉన్నాయో లేదో చూసుకోండి:

- ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే దుర్భిణి), దాని స్టాండు, స్టాఫ్ అనే అంకెల కొలకర్ర (సివిల్ సైట్లకు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర రోజువారీగా దొరుకుతాయి)
- 30 లేదా 50 మీటర్ల టేపు, 5 మీటర్ల చేతి టేపు
- 3 మీటర్ల అల్యూమినియం బద్ద, రసమట్టం
- నైలాన్ దారం, రెండు ఇటుకలు
- సుద్దముక్కలు, గట్టి అట్ట నోట్‌బుక్, రెండు పెన్నులు
- మెరిసే జాకెట్లు, కనీసం నాలుగు కోన్‌లు
- మంచినీళ్లు, టోపీలు

కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరు లెవెల్ దగ్గర, ఒకరు స్టాఫ్‌తో. మూడో మనిషి పని బండ్లను చూస్తూ ఉండడమే. ఆయనకు నోట్‌బుక్ కూడా అప్పజెప్పకండి. రాసుకోవడానికి తల దించిన ఆ రెండు సెకన్లలోనే ఏ ట్రాక్టరో వచ్చేస్తుంది.

దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పి, చేత్తో రాసిన ఉత్తరం ఇచ్చి రండి. మధ్యలో ఎవరైనా ఆపి అడిగితే టెన్షన్ ఉండదు.

డ్రోన్ సంగతి: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో రంగులతో చూపిస్తారు. గన్నవరం విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది కాబట్టి మీ ముక్క ఏ రంగులో పడిందో చూడకుండా ఎగరేయకండి. ప్రకాశం బ్యారేజీ చుట్టుపక్కల అసలు ఆ ఆలోచనే వద్దు. ఈ పద్ధతికి డ్రోన్ అవసరం కూడా లేదు.

## 3. ఇంట్లో కూర్చుని చేసే పని

క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వేసుకుని, మీ ముక్క మధ్యరేఖను గీసుకోండి. విజయవాడ, గుంటూరు రెండూ యూటీఎం (స్థానాలను మీటర్లలో చెప్పే పద్ధతి) 44వ ఉత్తర జోన్‌లోకి వస్తాయి. ప్రాజెక్టు కోఆర్డినేట్ సిస్టమ్‌గా ఆ జోన్ కోడ్ ఈపీఎస్‌జీ 32644 పెట్టండి. అప్పుడు కొలతలన్నీ మీటర్లలో వస్తాయి.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. ఈ కోఆర్డినేట్లను ఉన్నవి ఉన్నట్టు బ్లెండర్‌లోకి తెస్తారు. మన దగ్గర ఉత్తర దిశ విలువ 18 లక్షల మీటర్లు దాటి ఉంటుంది. బ్లెండర్‌లోనూ చాలా గేమ్‌లలోనూ స్థానాలు 32 బిట్ల సంఖ్యల్లో ఉంటాయి. అంత పెద్ద అంకె దగ్గర ఆ సంఖ్య పట్టుకోగలిగిన అతి చిన్న తేడా 12.5 సెంటీమీటర్లు. అంటే మీరు మిల్లీమీటర్లలో కొలిచినా పాయింట్లన్నీ 12.5 సెం.మీ. మెట్ల మీద కూర్చుంటాయి. రోడ్డు అంచు రంపంలా కనబడితే కారణం ఇదే.

విరుగుడు తేలిక. ముక్క మధ్యలో ఒక పాయింటును సున్నా అనుకుని, దాని విలువలను అన్ని పాయింట్ల నుంచీ తీసేయండి. ఆ తీసేసిన రెండు అంకెలను ఫైల్‌లోనూ, నోట్‌బుక్‌లోనూ రాసి పెట్టుకోండి. తర్వాత ఇంకో కిలోమీటరు కలపాలంటే అవే కావాలి.

ఉచితంగా దొరికే ఎత్తుల డేటా సంగతి కూడా తెలుసుకోవాలి. ఎస్‌ఆర్‌టీఎం డేటా 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ రాడార్‌తో తీసినది. దాని గడి దాదాపు 30 మీటర్లు. కరకట్ట పైభాగం అంత వెడల్పు ఉండదు. కాబట్టి ఒకే గడిలో కట్ట, పొలం, నది కలిసిపోయి సగటు ఎత్తు వస్తుంది. కట్టే మాయమైపోతుంది. చెట్లున్నచోట కొమ్మల ఎత్తు కూడా నేల ఎత్తులో కలుస్తుంది. దూరంగా కనిపించే కొండలకు ఆ డేటా వాడుకోండి, రోడ్డుకు మాత్రం వద్దు.

## 4. చైనేజీ గీతలు

రోడ్డు ఎడమ అంచు వెంబడి ప్రతి 10 మీటర్లకు సుద్దతో గీత గీసి పక్కన అంకె వేయండి: 0, 10, 20, అలా 1000 దాకా. సివిల్ వాళ్ల భాషలో ఇదే చైనేజీ. ఇక మీదట ఏం రాసినా, ఏం ఫోటో తీసినా ఆ అంకెతోనే. "ఆ తుమ్మచెట్టు దగ్గర గుంత" అని రాసుకుంటే ఇంటికొచ్చాక ఏ తుమ్మచెట్టో గుర్తురాదు.

ప్రతి గీత దగ్గర తారు వెడల్పు కొలవండి. ఒకచోట కొలిచి రోడ్డంతా అంతే అనుకోవద్దు. అంచులు విరిగి, మట్టి కమ్మి, వెడల్పు చోటుచోటుకీ మారుతుంది. సింగిల్ లేన్‌కు 3.75 మీటర్లు, రెండు లేన్లకు 7 మీటర్లు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణాలు చెబుతాయి. మనకు కావాల్సింది అక్కడ నిజంగా ఉన్న వెడల్పు.

వంపుల దగ్గర ఫోన్ జీపీఎస్‌ను నమ్మకండి. అది మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. బయటి అంచు మీద 20 మీటర్ల దారం లాగి కట్టి, సరిగ్గా మధ్యలో దారానికీ అంచుకూ ఉన్న దూరం కొలవండి. దారం పొడవు వర్గాన్ని ఆ దూరానికి ఎనిమిది రెట్లతో భాగించి, ఆ దూరంలో సగం కలిపితే వ్యాసార్ధం వస్తుంది. దూరం 1 మీటరు అయితే 400ను 8తో భాగిస్తే 50, దానికి అర మీటరు కలిపితే 50.5 మీటర్లు. వంపు మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుసార్లు చేయండి. మూడూ ఒకటి కాకపోతే కంగారు పడకండి, నిజమైన వంపులు అలాగే ఉంటాయి.

ఆర్‌టీకే అనే ఖచ్చితమైన జీపీఎస్ రిసీవర్ అద్దెకు దొరికితే ఈ పని చాలా తగ్గుతుంది, సెంటీమీటర్లలో స్థానం వస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. అది చూపించే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, ఒక ఊహా దీర్ఘగోళం నుంచి. మన కోస్తాలో ఆ ఎత్తు మైనస్‌లో కనిపిస్తుంది. పరికరం పాడైందనుకుని వెనక్కి ఇచ్చేయకండి. సిమ్యులేటర్‌కు కావాల్సింది పాయింటుకూ పాయింటుకూ మధ్య తేడానే.

## 5. ఎత్తులు: తొందర పడకూడని చోటు

కదలని వస్తువు ఒకటి చూసుకోండి. కల్వర్టు గోడ మూల, కిలోమీటరు రాయి కింది సిమెంటు దిమ్మ లాంటిది. దాని ఎత్తు 100.000 మీటర్లు అనుకోండి. ఇదే మీ బెంచ్‌మార్క్. దానికి రెండు ఫోటోలు తీసి పెట్టుకోండి.

వరస ఇది:

1. లెవెల్‌ను బెంచ్‌మార్క్‌కు 40 మీటర్ల లోపు నిలబెట్టి బుడగ మధ్యకు తెచ్చుకోండి.
2. స్టాఫ్‌ను బెంచ్‌మార్క్ మీద పెట్టి మొదటి రీడింగు తీసుకోండి.
3. ప్రతి చైనేజీ గీత దగ్గర మూడు రీడింగులు: ఎడమ అంచు, మధ్య, కుడి అంచు.
4. 40 మీటర్లు దాటబోతుంటే, గట్టి రాయి మీద స్టాఫ్ పెట్టి మలుపు పాయింటు రీడింగు తీసుకుని, లెవెల్‌ను ముందుకు జరిపి, అదే రాయి మీద స్టాఫ్‌ను మళ్లీ చదవండి.
5. కిలోమీటరు చివరికి వెళ్లాక, అక్కడితో ఆపకుండా మలుపు పాయింట్లతోనే వెనక్కి బెంచ్‌మార్క్ దాకా రండి.

ఐదో మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. వెనక్కి వచ్చాక బెంచ్‌మార్క్ ఎత్తు మళ్లీ 100.000 దగ్గరికి రావాలి. మామూలు లెవెలింగ్‌కు ఒప్పుకునే తేడా, కిలోమీటర్లలో నడిచిన దూరం వర్గమూలాన్ని 24తో గుణిస్తే వచ్చే మిల్లీమీటర్లు. వెళ్లి రావడం 2 కిలోమీటర్లు కాబట్టి మనకు దాదాపు 34 మిల్లీమీటర్లు. అంతకు మించితే ఆ రోజు లెక్క పారేసి మళ్లీ చేయాల్సిందే. నేను ఒకసారి 9 సెంటీమీటర్ల తేడాను "ఏముందిలే" అని అన్ని పాయింట్లకూ పంచేశాను. తీరా చూస్తే తప్పంతా ఒకే ఒక్క మలుపు పాయింటులో ఉంది. అక్కడ స్టాఫ్ మెత్తని మట్టిలో దిగింది. పంచడంతో బాగున్న పాయింట్లు కూడా చెడిపోయాయి.

స్టాఫ్ పట్టుకునే మనిషికి ఒక చిట్కా చెప్పండి. స్టాఫ్‌ను మెల్లగా లెవెల్ వైపుకీ వెనక్కీ ఊపాలి. చూసేవాళ్లు అందులో కనిపించిన అతి తక్కువ అంకె రాసుకోవాలి. స్టాఫ్ నిటారుగా ఉన్నప్పుడే ఆ అంకె వస్తుంది.

లెవెల్ నుంచి వెనక రీడింగుకూ (జరిపాక తీసే మొదటిది) ముందు రీడింగుకూ (జరిపే ముందు తీసే చివరిది) దూరాలు దాదాపు సమానంగా ఉంచండి. పరికరంలో చిన్న తేడా ఉన్నా రెండు వైపులా సమానమై కొట్టుకుపోతుంది.

ఎండాకాలంలో తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించండి. ఆ తర్వాత తారు మీద గాలి ఆడుతుంటే స్టాఫ్ మీద అంకెలు నీళ్లలో ఉన్నట్టు వణుకుతాయి. గీతల దగ్గరివే 303 రీడింగులు. రెండు ఉదయాలు పెట్టుకోండి.

లెవెల్ దొరకలేదా? మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో కూడా పని జరుగుతుంది. పారదర్శకమైన 15 మీటర్ల పైపు, అందులో రంగు కలిపిన నీళ్లు. పైపులో ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. 200 మీటర్ల ముక్క వరకూ ఫర్వాలేదు, కిలోమీటరుకు వద్దు.

## 6. అడ్డవాలు, అంచులు, స్పీడ్ బ్రేకర్లు

రోడ్డు మధ్య నుంచి అంచుకు నీళ్లు జారడానికి ఇచ్చే వాలే అడ్డవాలు, క్యాంబర్. మామూలు తారు రోడ్డుకు 2 నుంచి 2.5 శాతం ఉంటుంది. 3 మీటర్ల బద్దను అడ్డంగా పెట్టి, రసమట్టంతో సమంచేసి, పల్లపు చివర తారు దాకా ఉన్న ఖాళీ కొలవండి. 2.5 శాతం అంటే 7.5 సెంటీమీటర్లు. ఫోన్ యాప్‌తో డిగ్రీలు చూడకండి. 2.5 శాతం అంటే ఒకటిన్నర డిగ్రీ కూడా కాదు, యాప్ ఒక డిగ్రీ తేడా చూపిస్తే చాలు, లెక్కంతా పోతుంది.

వంపులో వాలు ఒకవైపుకే ఉందా, లేక తిన్నని రోడ్డులాగే రెండు వైపులా ఉందా చూడండి. రెండు వైపులా ఉంటే బయటి లేన్‌లో వెళ్లే బండిని వాలు బయటికే లాగుతుంది. దీన్ని మోడల్‌లో సరిచేయకండి, ఉన్నది ఉన్నట్టు పెట్టండి. రోజూ ఆ దారిలో వెళ్లేవాళ్లు ఆ వంపును గుర్తుపట్టేది ఆ లాగుడుతోనే.

అంచు దగ్గర తారుకూ మట్టికీ ఎత్తు తేడా కూడా ప్రతి గీత దగ్గరా రాయండి. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఎడమ చక్రం దిగేది అక్కడే.

ఇక స్పీడ్ బ్రేకర్. ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి హంప్ పొడవు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. ఊళ్ల దగ్గర కనిపించేవి చాలావరకు ఇంతకంటే పొట్టిగా, నిటారుగా ఉంటాయి. అందుకే ప్రతిదాన్నీ విడిగా కొలవాలి.

రెండు పక్కలా ఇటుకలు నిలబెట్టి, బ్రేకర్ మీదుగా దారం బిగించండి. దారానికి రసమట్టం పట్టి చూడండి. ఇప్పుడు చక్రాలు వెళ్లే దారిలో ప్రతి 25 సెంటీమీటర్లకు దారం నుంచి తారు దాకా లోతు కొలవండి. నోట్‌బుక్‌లో ఇలా వస్తుంది: "చైనేజీ 342.5 నుంచి: 14.0, 13.2, 9.5, 4.1, 2.0, 3.8, 8.8, 13.5." అంటే పొడవు 1.75 మీటర్లు, ఎత్తు 12 సెంటీమీటర్లు. ఎక్కే వైపు, దిగే వైపు సమానంగా లేవని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి. కంటితో చూస్తే ఆ తేడా తెలియదు, కారు నడిపితే తెలుస్తుంది. పెద్ద గుంతలు, ప్యాచ్‌లు, కల్వర్టు అతుకులు కూడా ఇలాగే కొలవండి.

## 7. ఫోటోలు, వీడియో

మబ్బు పట్టిన రోజైతే మేలు, నీడలు పడవు. తడి రోడ్డు వద్దు. తారును నిలువుగా పైనుంచి, పక్కన చేతి టేపు పెట్టి తీయండి. రెండు దిశల్లోనూ ముందు అద్దం నుంచి ఒకే వేగంతో వీడియో తీసుకోండి. నంబర్ ప్లేట్లు, ముఖాలు మోడల్‌లోకి రానివ్వకండి.

## 8. బ్లెండర్‌లో కట్టడం

వరస మార్చకండి: మధ్యరేఖ, ఎత్తులు, అడ్డవాలు, అంచులు, బ్రేకర్లు. ఆ తర్వాత కట్ట వాలు. చెట్లూ ఇళ్లూ చిట్టచివర.

ఎత్తుల పాయింట్లను తిన్నని గీతలతో కలపకండి. ప్రతి 10 మీటర్లకు ఒక చిన్న విరుపు వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ విరుపులు సెకనుకు 1.7 సార్లు తగులుతాయి. కారు బాడీ స్ప్రింగుల మీద సహజంగా ఊగేది కూడా సెకనుకు ఒకటి రెండుసార్లే. రెండూ కలిసి కారు ఉయ్యాలలా ఊగుతుంది. "సిమ్యులేటర్‌లో నా రోడ్డు పడవలా ఉంది" అన్నవాళ్ల ఫైల్ తెరిస్తే చాలాసార్లు ఇదే కనిపించింది. పాయింట్ల గుండా నున్నని వంపు రేఖ వేసి, దాన్ని 25 సెంటీమీటర్లకు ఒక పాయింటు చొప్పున మళ్లీ విడగొట్టండి. బ్రేకర్లు, గుంతలు కొలిచినచోట మాత్రమే ఆ కొలతలను దాని మీద కలపండి. కొలవనిచోట ఎగుడుదిగుడులు ఊహించి వేయకండి.

కంటికి కనిపించే రోడ్డు వేరు, టైరుకు తగిలే రోడ్డు వేరు మెష్‌లుగా (పాయింట్లను కలిపి అల్లిన ఉపరితలాలుగా) పెట్టుకోండి. టైరు మెష్‌ను పొడవున 25 సెం.మీ., అడ్డంగా 50 సెం.మీ. గడులుగా చేస్తే చాలు. 7 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవుకు 60 వేల పాయింట్లు అవుతాయి.

## 9. సిమ్యులేటర్‌లోకి

అసెట్టో కోర్సా అనే గేమ్‌లో ఒక్కో మెష్‌కు 65,535 పాయింట్లే హద్దు. రోడ్డు పక్క మట్టి అంచులు, కట్ట కలిస్తే దాటిపోతుంది. కాబట్టి 200 మీటర్ల ముక్కలుగా కోసుకోండి. కోసినచోట రెండు ముక్కల అంచు పాయింట్లు ఒకే స్థానంలో ఉండాలి. టైరు మెష్ పేరు ముందు అంకె, వెంటనే సర్ఫేస్ పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండాలి. అంకె లేకపోతే కారు రోడ్డులోంచి కిందికి పడిపోతుంది.

బీమ్‌ఎన్‌జీ అనే గేమ్‌లో టెర్రైన్ (నేల) గడి మామూలుగా మీటరు ఉంటుంది. 1.75 మీటర్ల స్పీడ్ బ్రేకర్ అందులో పట్టదు. రోడ్డును విడి మెష్‌గా తెచ్చి టెర్రైన్ మీద పెట్టండి, కింద టెర్రైన్‌ను ఒక అడుగు దించండి.

కార్లా లాంటి పరిశోధన సిమ్యులేటర్లకైతే ఓపెన్‌డ్రైవ్ ఫైల్ కావాలి. అందులో రోడ్డు తిన్నని గీతలు, చాపాలు, స్పైరల్‌లుగా ఉంటుంది. మీరు దారంతో కొలిచిన వ్యాసార్ధాలు నేరుగా అక్కడ పనికొస్తాయి. చిన్న ఎగుడుదిగుడులకు ఓపెన్‌సీఆర్‌జీ అనే తోడు ఫార్మాట్ ఉంది. ట్రాఫిక్ ఎడమవైపు అని చెప్పడం మరిచిపోవద్దు.

## 10. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

- కారు లయగా ఊగుతోంది: ఎత్తుల రేఖలో విరుపులున్నాయి. 8వ భాగం చూడండి.
- రోడ్డు అంచు వణుకుతోంది: సున్నా పాయింటు తీసేయలేదు.
- ఒకేచోట పెద్ద దెబ్బ తగులుతోంది: మెష్ ముక్కల అతుకు కలవలేదు, లేదా నోట్‌బుక్‌లో ఒక అంకె తప్పు పడింది. 1.324 బదులు 1.234 అని ఎక్కించి ఉంటారు.
- రోడ్డు ఉన్నదానికంటే వెడల్పుగా అనిపిస్తోంది: మెష్ కొలిచి చూడండి. అది సరిగ్గా ఉంటే సీటు ఎత్తు, స్క్రీన్ కోణం సరిచేయాలి. రోడ్డును ఇరుకు చేయకండి.
- వంపులో నిజమైన రోడ్డు మీదకంటే ఎక్కువ వేగంతో వెళ్లగలుగుతున్నారు: అడ్డవాలు తలకిందులైంది.

## 11. పరీక్ష

ఫోన్‌ను కారు డ్యాష్‌బోర్డుకు కదలకుండా బిగించి, నిజమైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల స్థిర వేగంతో వెళ్తూ సెకనుకు 100 సార్లు కుదుపులు రికార్డు చేసే యాప్ నడపండి. ఆ వేగంలో ఒక్కో రీడింగు 11 సెంటీమీటర్లకు పడుతుంది. సిమ్యులేటర్‌లోనూ అదే వేగంతో వెళ్లి రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టండి. కుదుపు ఎంత గట్టిదన్నది వదిలేయండి, కార్లు వేరు కదా. ఏ చైనేజీ దగ్గర వచ్చిందన్నది కలవాలి.

తర్వాత ఆ దారిలో రోజూ తిరిగే మనిషిని, ఆటో నడిపే అన్నయ్యనో పాలబండి ఆయన్నో, పిలిచి కూర్చోబెట్టండి. చెట్లు, ఇళ్లు ఇంకా పెట్టని మోడల్ ఇవ్వండి. ఏమీ చెప్పకండి. ఆయన కాలు యాక్సిలరేటర్ మీంచి ఎక్కడ లేస్తుందో, ఏ వంపుకు ముందే చేయి తిరుగుతుందో రాసుకోండి. మా మోడల్‌లో 342 దగ్గర, బ్రేకర్‌కు రంగు కూడా వేయకముందే, ఒకాయన కాలు దానంతటదే లేచింది. ఆ సాయంత్రమే చెట్లు నాటడం మొదలుపెట్టాం.